వెనుకబడిన దేశమంటే ఏమిటి?

దేశాలను గూర్చి పిల్లలకు బోధించేటప్పుడు మనం చిరకాలంగా కొన్ని మాటలు వాడుతున్నాము. అభివృద్ధి చెందిన దేశాలు కొన్ని, అభివృద్ధి చెందుతున్న దేశాలు కొన్ని, వెనుకబడిన దేశాలు కొన్ని అంటున్నాము. ఈ మాటలు వినడానికి నిరపాయంగానే ఉంటాయి. కాని వీటి వెనుక ఒక చిత్రం దాగి ఉన్నది. పొడవైన బాట ఒకటి. దానిమీద జాతులన్నీ నడుస్తున్నాయి. కొన్ని తెల్లవారుజామున లేచి గమ్యం చేరుకున్నాయి. కొన్ని ప్రొద్దెక్కి లేచి ఇంకా దారిలోనే ఉన్నాయి. ముందు వెళ్ళినవారి అడుగులలో అడుగులు వేస్తే వెనుకవారూ నేడో రేపో అక్కడకు చేరకపోరు. ఇదీ ఆ చిత్రం. దీనిని విన్న తెలివైన పిల్లవాడు ఒక ప్రశ్న వేయక మానడు: "మాస్టారూ, మనవాళ్ళు ఎందుకు ఆలస్యంగా లేచారు?" ఉపాధ్యాయుడు చెప్పే సమాధానాన్ని బట్టి ఆ పిల్లవాడు తన తాతముత్తాతలను గూర్చీ, తనను గూర్చీ ఏమనుకోవాలో నిర్ణయించుకుంటాడు. కనుక ఇది చిన్న ప్రశ్న కాదు.

అసలు అట్టి బాట ఒకటి ఉన్నదా అని ఎదురు ప్రశ్న వేసి, దాని సమాధానం కోసం దాదాపు అర్ధశతాబ్దం శ్రమించిన సమాజశాస్త్రజ్ఞుడు ఇమ్మాన్యుయేల్ వాలర్‌స్టైన్. 1930 లో పుట్టి 2019 లో గతించిన ఈ అమెరికన్ ఆచార్యుని పేరు విశ్వవిద్యాలయాలలో సమాజశాస్త్రం చదివినవారికి సుపరిచితమే. ఆయన చెప్పినదంతా అంగీకరించనక్కరలేదు. అంగీకరించని విద్వాంసులు మొదటినుంచీ ఉన్నారు. అయినప్పటికీ ఆయన జీవితం, ఆయన విద్యావ్యాసంగం మన ఉపాధ్యాయులూ, విద్యార్థులూ తెలుసుకోదగినవి. ప్రశ్నను సరిగా అడగడం నేర్చుకోవడానికే ఒక మేధావికి సగం జీవితం ఎట్లు పట్టినదో అందులో కనబడుతుంది.

ఆయన 1930 సెప్టెంబరు 28వ తేదీన న్యూయార్కు నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు యూదులు, బెర్లిను నుంచి 1923 లో అమెరికాకు వలస వచ్చినవారు. ఉన్నత పాఠశాలలో చదువుకొనే కాలానికే ఆయన చూపు అమెరికా ఎల్లలు దాటిపోయింది. అప్పుడు ఆయనను ఆకర్షించినది మరేదో కాదు, గాంధీ నెహ్రూల నాయకత్వాన మన దేశంలో సాగిన స్వాతంత్ర్య సమరం. తరువాత 1951 లో ఒక అంతర్జాతీయ యువజన మహాసభలో పాల్గొన్నాడు. 1952 లో అట్టి సభే పశ్చిమాఫ్రికాలోని డకార్ నగరంలో జరిగింది. ఈ సభలలో ఆయన కలుసుకొన్న ఆఫ్రికా యువకులలో పలువురు ఆయనకంటె పెద్దవారు, అప్పటికే తమ దేశాల రాజకీయాలలో స్థానం సంపాదించుకొన్నవారు. వలస ప్రభుత్వాలు కూలబోతున్న వేళ ఆ ఖండం ఎట్లు ఊపిరి పీల్చుకొంటున్నదో ఇరువది రెండేండ్లయినా నిండకముందే ఆయన కళ్ళారా చూచాడు.

కొలంబియా విశ్వవిద్యాలయంలో 1951 లో పట్టభద్రుడైన వాలర్‌స్టైన్ 1954 లో ఎం.ఏ. పట్టం కోసం వ్రాసిన వ్యాసం మెకార్తీయిజాన్ని గూర్చినది. కమ్యూనిస్టుల వేట పేరిట సెనేటరు జోసెఫ్ మెకార్తీ ఉద్యోగులను, అధ్యాపకులను, కళాకారులను హడలగొడుతున్న రోజులవి. నిప్పు ఆరకముందే దానిని పరీక్షకు పెట్టడానికి కొంత ధైర్యం కావాలి. తరువాత డాక్టరేటుకు ఆయన ఎన్నుకొన్నది ఆఫ్రికా. బ్రిటిషువారి క్రిందనున్న గోల్డ్ కోస్టులోను, అనగా నేటి ఘానాలోను, ఫ్రెంచివారి క్రిందనున్న ఐవరీ కోస్టులోను జాతీయోద్యమం ఎట్లు పెరిగినదో, దానికి స్వచ్ఛంద సంఘాలు ఎట్లు తోడ్పడినవో పోల్చి చూచాడు. 1959 లో డాక్టరేటు వచ్చింది. ఆ పరిశోధన 1964 లో గ్రంథరూపం ధరించింది. 1958 నుంచే ఆయన కొలంబియాలో అధ్యాపకుడు. ఆల్జీరియా విమోచన పోరాటానికి తన లేఖినిని అంకితం చేసిన ఫ్రాంజ్ ఫానన్‌ను 1960 లో ఘానా రాజధాని ఆక్రాలో కలుసుకొన్నాడు. ఆ పరిచయం ఆయన ఆలోచనపై చెరగని ముద్ర వేసింది.

ఆనాటి అమెరికా విశ్వవిద్యాలయాలలో ఆధునికీకరణ సిద్ధాంతం రాజ్యమేలుతున్నది. ఆర్థిక చరిత్రకారుడు రోస్టో 1960 లో ప్రకటించిన గ్రంథంలో ప్రతి దేశమూ ఐదు దశలు దాటి వృద్ధిలోనికి వస్తుందన్నాడు. సంప్రదాయ సమాజం మొదటిది; ప్రజలందరూ సమృద్ధిగా వస్తువులు అనుభవించే సమాజం చివరిది; నడుమ విమానం నేలను విడిచి పైకి లేచినట్లు ఒక్కసారిగా లేచే దశ ఒకటి. మనం మొదట చెప్పుకొన్న బాటకు ఇదే పండితులు వేసిన పటం. ఈ పటంలో ప్రతి దేశమూ ఒంటరి ప్రయాణికుడే. ఒకరి నడకకు మరొకరి నడకతో సంబంధం లేదు. ఎవరి సోమరితనం వారిది, ఎవరి శ్రమఫలం వారిది.

వాలర్‌స్టైన్ పరిశోధించిన ఆ రెండు దేశాల కథే ఈ పటాన్ని ప్రశ్నించడానికి చాలును. ఘానాకు 1957 మార్చి 6న స్వాతంత్ర్యం వచ్చింది. మరుసటి నెలలోనే ఘానా నాయకుడు ఎన్‌క్రూమా పొరుగు దేశానికి వెళ్ళగా, అక్కడి నాయకుడు హుఫుయే బ్వాన్యీ ఆయనతో ఒక పందెం వేశాడు. పది సంవత్సరాలు గడచిన తరువాత ఎవరి మార్గం మంచిదో చూచుకుందామన్నాడు. ఎన్‌క్రూమా ప్రభుత్వ పరిశ్రమల మార్గం పట్టాడు. హుఫుయే బ్వాన్యీ ఫ్రాన్సుతో చెలిమి, విదేశీ పెట్టుబడి మార్గం పట్టాడు. 1965 లో ప్రపంచ విపణిలో కోకో ధర కూలిపోయింది. ఘానాకు ప్రధానమైన ఎగుమతి అదే. 1966 ఫిబ్రవరిలో సైనికులు ఎన్‌క్రూమాను పదవీచ్యుతుని చేశారు. ఐవరీ కోస్టు పందెం గెలిచిందని లోకమంతా అనుకొన్నది. కాని దాని సంపద కూడ కోకో, కాఫీ తోటల మీదనే నిలిచి ఉన్నది. 1980 దశకంలో వాటి ధరలు పడిపోయినప్పుడు, 1987 లో ఆ దేశం విదేశీ ఋణాల చెల్లింపు ఆపివేయవలసి వచ్చింది. ఎన్‌క్రూమా పాలనలో దోషాలు లేకపోలేదు. అప్పులు, అణచివేత రెండూ ఉన్నాయి. అయినా దారులు రెండైనప్పుడు దెబ్బ ఒకటే అయినదంటే, దారిని మించినది ఏదో ఉన్నదని అర్థం. కోకో పండించేది ఒక చోట, దానికి వెల కట్టేది మరొక చోట.

అయితే వాలర్‌స్టైన్ ఈ నిర్ణయానికి ఒక్క గంతులో రాలేదు. 1960 దశకం మధ్యలో ఆయనకు తోచిన ఆలోచన వేరు. క్రొత్తగా ఏర్పడిన ఆఫ్రికా దేశాలను అర్థం చేసుకోవడానికి, ఒకప్పుడు క్రొత్తగా ఏర్పడిన దేశాలను, అనగా 16వ శతాబ్దపు పశ్చిమ యూరపు రాజ్యాలను, చదవాలనుకొన్నాడు. వారు అప్పుడెట్లు నడిచారో తెలిస్తే వీరు ఇప్పుడెట్లు నడవాలో తెలుస్తుందని ఊహ. అనగా ఆయన కూడ ఆ బాట చిత్రాన్నే నమ్మి బయలుదేరాడన్నమాట. తన మిత్రుడు టెరెన్స్ హాప్కిన్స్‌తో కలసి కొలంబియాలో పాఠాలు చెబుతూ, ఆ శతాబ్దపు చరిత్రలో మునిగాడు. ఫ్రెంచి చరిత్రకారుడు ఫెర్నాండ్ బ్రోదెల్ మధ్యధరా ప్రాంతంపై వ్రాసిన మహాగ్రంథం చదివాడు. పోలండు చరిత్రకారుడు మరియన్ మలోవిస్ట్ రచనలు చదివాడు. చదివే కొద్దీ మొదటి ఊహ నిలువలేదు. ఆ ఊహ తప్పని ఆయనే తరువాత చెప్పుకొన్నాడు. కాని ఆ తప్పు దారే తనను సరియైన చోటికి చేర్చిందన్నాడు.

ఆ సరియైన చోటు పోలండు. 16వ శతాబ్దంలో పశ్చిమ యూరపులో జనసంఖ్య పెరిగింది, పట్టణాలు పెరిగాయి, తిండిగింజలకు గిరాకీ పెరిగింది. పోలండు పొలాలలో పండిన రై ధాన్యం విశ్చులా నది మీదుగా గ్దాన్స్క్ రేవుకు చేరి, అక్కడనుంచి డచ్చి ఓడలలో ఆమ్‌స్టర్‌డామ్‌కు పోయేది. ఈ వ్యాపారం వల్ల పోలండు రైతు బాగుపడి ఉండాలి గదా! జరిగినది వేరు. ధాన్యం అమ్మి లాభం గడించిన భూస్వాములు రైతుల కాళ్ళు కట్టివేశారు. 1520 లో చేసిన శాసనాల ప్రకారం రైతు వారానికి కనీసం ఒక రోజు భూస్వామి పొలంలో వెట్టి చేయాలి. తరువాతి తరాలలో ఆ రోజులు పెరుగుతూ పోయాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో కూలికి పనిచేసే స్వతంత్రుడు, పోలండులో వెట్టికి కట్టుబడిన రైతు, వీరిద్దరూ ఒకే వ్యాపారపు రెండు కొసలు. పోలండు వెట్టి పాతకాలపు అవశేషం కాదు. క్రొత్త విపణి దానిని క్రొత్తగా బిగించింది. కనుక పోలండు హాలండు కంటె వెనుకబడి నడుస్తున్నదని అనరాదు. రెండూ ఒకే కాలంలో, ఒకే బండిలో ఉన్నాయి. ఒకటి బండిలో కూర్చున్నది. రెండవది కాడి మోస్తున్నది.

ఇక్కడ వాలర్‌స్టైన్ ప్రశ్న మారిపోయింది. ఈ దేశం ఎందుకు వెనుకబడినదని అడగడం మాని, ఈ దేశం ఏ మొత్తంలో ఏ పని చేస్తున్నదని అడగసాగాడు. ఆ మొత్తానికి ఆయన పెట్టిన పేరు ప్రపంచ వ్యవస్థ. దీని భావమేమంటే, పరిశోధనకు ప్రమాణం దేశం కాదు. ఎన్నో రాజ్యాలను కలుపుకొని సాగే శ్రమవిభజన. అందులో కేంద్ర ప్రాంతాలు కొన్ని. అక్కడ లాభసాటి పరిశ్రమలు, బలమైన ప్రభుత్వాలు, కూలికి పనిచేసే స్వతంత్రులు. అంచు ప్రాంతాలు కొన్ని. అక్కడ ముడిసరకు, బలహీన ప్రభుత్వాలు, నిర్బంధ శ్రమ. ఈ రెంటి నడుమ అటు కేంద్రం చేతిలో నలిగి, ఇటు అంచును నలిపే నడిమి ప్రాంతాలు కొన్ని. కేంద్రం, అంచు అనే మాటలను అర్జెంటీనా ఆర్థికవేత్త రౌల్ ప్రెబిష్ అంతకు ముందే వాడాడు. వాటిని ఐదు శతాబ్దాల చరిత్రకు అన్వయించి ఒక కథగా కూర్చినది వాలర్‌స్టైన్. "ఆధునిక ప్రపంచ వ్యవస్థ" అనే ఆయన గ్రంథం మొదటి సంపుటం 1974 లో వెలువడింది. మరుసటి ఏట అమెరికా సమాజశాస్త్ర సంఘం దానికి సొరోకిన్ బహుమానం ఇచ్చింది. తరువాతి సంపుటాలు 1980, 1989, 2011 సంవత్సరాలలో వచ్చాయి. నాలుగు సంపుటాలకు ముప్పది ఏడేండ్లు! ఈ తపస్సు గమనింపదగినది.

ఈ పటంలో ఎవరి స్థానమూ శాశ్వతం కాదు. స్పెయిను జారిపోయింది; స్వీడను కొంతకాలం పైకి వచ్చింది. 17వ శతాబ్ది మధ్యలో హాలండు, 19వ శతాబ్ది మధ్యలో ఇంగ్లండు, 1945 తరువాత అమెరికా అగ్రాసనం అధిష్ఠించాయి. కాని ఒకడు మెట్టు ఎక్కినంత మాత్రాన మెట్లు మాయం కావు. అందరూ ఒక్కసారిగా పై మెట్టుమీద నిలువడం ఈ వ్యవస్థలో సాధ్యం కాదన్నదే ఆయన వాదంలోని పదును.

ఆచార్యుని బ్రతుకు గ్రంథాలయానికే పరిమితం కాలేదు. 1968 ఏప్రిల్‌లో కొలంబియా విద్యార్థులు విశ్వవిద్యాలయ భవనాలను ఆక్రమించారు. ప్రక్కనున్న హార్లెం నల్లవారి ఉద్యానంలో వ్యాయామశాల కట్టడం ఒక కారణం. సైనిక పరిశోధన సంస్థతో విశ్వవిద్యాలయానికి గల సంబంధం మరొక కారణం. విద్యార్థులకు, అధికారులకు నడుమ సంధి కుదర్చడానికి ప్రయత్నించిన అధ్యాపకులలో వాలర్‌స్టైన్ ఒకడు. ప్రయత్నం ఫలించలేదు, పోలీసులు వచ్చి సుమారు 700 మందిని నిర్బంధించారు. ఆ సంవత్సరం పారిస్ మొదలుకొని మెక్సికో వరకు చెలరేగిన యువజనుల తిరుగుబాటును ఆయన ప్రపంచ వ్యవస్థలోనే ఒక మలుపుగా జీవితాంతం పరిగణించాడు. 1971 లో కొలంబియా విడిచి కెనడాలోని మక్‌గిల్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. 1976 లో న్యూయార్కు రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్‌లో స్థిరపడి, తన గురుతుల్యుడైన బ్రోదెల్ పేరిట ఒక పరిశోధన కేంద్రం స్థాపించాడు. 2005 వరకు దానికి సంచాలకుడుగా ఉన్నాడు. 1994 నుంచి 1998 వరకు అంతర్జాతీయ సమాజశాస్త్ర సంఘానికి అధ్యక్షత వహించాడు.

ఈ చరిత్రలో మన చోటేమిటి? 1986 లో మన "ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ" పత్రికలో వాలర్‌స్టైన్ ఈ విషయమే చర్చించాడు. 1750 కి పూర్వం భారతదేశం ఈ వ్యవస్థకు వెలుపల ఉన్నదనీ, 1750 కు, 1850 కి నడుమ అందులోనికి లాగబడినదనీ ఆయన మతం. తెలుగు తీరం ఎరిగినవారికి ఇది పరిశీలింపదగిన మాట. మచిలీపట్నంలో ఇంగ్లీషువారు 1611 లో వర్తకశాల తెరిచారు. డచ్చివారు అంతకు ముందే వచ్చి ఉన్నారు. మన అద్దకపు గుడ్డలు ఇచ్చి తూర్పు దీవులలో మిరియాలు, లవంగాలు కొనేవారు. మనకు అమ్మడానికి వారి దగ్గర తగిన సరకు లేదు గనుక వెండి తెచ్చి కొనవలసి వచ్చేది. నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో కంపెనీ వర్తకశాల ఉండేది. ఆ ఊరి పేరే ఇంగ్లండులో "మదపోలం" అనే ఒక జాతి గుడ్డకు పేరైనది. 1766 నాటికి ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి చిక్కాయి. కొనడానికి వచ్చినవాడే పాలకుడైనాడు. పిదప ఆ "మదపోలం" గుడ్డను ఇంగ్లండు మరమగ్గాలే నేసి ఎగుమతి చేయసాగాయి. పేరు మనది, గుడ్డ వారిది. ఆ మాధవాయపాలెం సాలెవాడు ప్రొద్దెక్కి లేచాడని ఏ నోటితో అనగలము?

ఇక ఆక్షేపణలు. 1977 లో చరిత్రకారుడు రాబర్ట్ బ్రెన్నర్ గట్టి దెబ్బ కొట్టాడు. వ్యాపారం ఒక్కటే అన్నిటినీ నిర్ణయించదనీ, ప్రతి దేశంలోను రైతుకు, భూస్వామికి నడుమ జరిగిన పోరాటంలో ఎవరు గెలిచారన్నదే అసలు ప్రశ్న అనీ వాదించాడు. అదే సంవత్సరం థీడా స్కాచ్‌పోల్ రాజ్యాలకు గల సొంత బలాన్ని వాలర్‌స్టైన్ చిన్నచూపు చూచాడన్నది. ఒకప్పుడు ఆయనతో కలసి వ్రాసిన ఆండ్రీ గుండర్ ఫ్రాంక్ 1998 లో మరొక దిక్కునుంచి ఎదురు నిలిచాడు. దాదాపు 1800 వరకు ప్రపంచ వ్యాపారానికి కేంద్రం ఆసియా యేననీ, యూరపును నడుమ కూర్చోబెట్టి కథ చెప్పడమే పొరపాటనీ ఆయన వాదం. మచిలీపట్నానికి వచ్చిన వెండిని తలచుకొంటే ఈ ఆక్షేపణను త్రోసివేయడం మనకు కష్టమే. దక్షిణ కొరియా, చైనా సాధించిన అభ్యున్నతి కూడ ఈ మెట్ల కథకు మరింత వివరణ కోరుతున్నది.

మాకు తోచే ఆక్షేపణ వేరొకటి ఉన్నది. నేరమంతా వెలుపలివారిదే అనుకోవడం పరాజితులకు సుఖమైన పని. ప్రపంచ వ్యవస్థ అనే మాట ఆ సుఖానికి దిండుగా మారే ప్రమాదం లేకపోలేదు. ఊరి చివర మాలపల్లెను, మాదిగగూడేన్ని నిలిపినది ఆమ్‌స్టర్‌డామ్ కాదు. ఆడపిల్లను బడి మాన్పించినది లండను వర్తకుడు కాదు. తెలంగాణంలో వెట్టిచాకిరి చేయించినవారు మన భాష మాట్లాడిన దొరలే. పోలండు కథను సరిగా చదివితే అందులోనే ఈ హెచ్చరిక ఉన్నది. గిరాకీ ఆమ్‌స్టర్‌డామ్‌ది కావచ్చును, కాని రైతు మెడమీద కాడి పెట్టినది పోలండు భూస్వామి. వెలుపలి బలం లోపలి బలవంతుని చేయి పట్టుకొనే ఊరిలో అడుగు పెడుతుంది. ఈ రెండు చేతులనూ ఒక్కసారిగా చూడగలిగిన చూపే చరిత్ర జ్ఞానం.

ఉపాధ్యాయులకు ప్రత్యేకంగా పనికివచ్చే అంశం ఇంకొకటి ఉన్నది. 1993 నుంచి 1995 వరకు గుల్బెంకియన్ సంస్థ తరఫున పదిమంది పండితుల సంఘానికి వాలర్‌స్టైన్ అధ్యక్షత వహించాడు. వారిలో సమాజశాస్త్రాలవారే గాక, ప్రకృతి శాస్త్రాలవారు, సాహిత్య తత్త్వశాస్త్రాలవారు కూడ ఉన్నారు. 1996 లో వెలువడిన వారి నివేదిక చెప్పినదేమనగా, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం, సమాజశాస్త్రం అనే గోడలు 19వ శతాబ్దంలో కట్టినవి. విపణి ఒకరికి, ప్రభుత్వం ఒకరికి, సంఘం మరొకరికి పంచి ఇచ్చారు. గతం చరిత్రకారునికి పోయింది. యూరపేతర జాతులు వేరే శాస్త్రాల పాలబడ్డాయి. కాని లోకం ఈ గదులలో బ్రతకడం లేదు. ఈ మాట మన పాఠశాల కాలపట్టికకు కూడ వర్తిస్తుంది. చరిత్ర పీరియడులో కంపెనీ రాక, భూగోళ పీరియడులో ప్రత్తి పండే నేల, పౌరశాస్త్రంలో ప్రభుత్వం, అర్థశాస్త్రంలో ధరలు చెబుతున్నాము. సాలెవాని మగ్గం ఎందుకు ఆగిపోయిందో చెప్పడానికి ఈ నాలుగూ కావాలి. ఆ నాలుగింటినీ కలిపే పీరియడు మాత్రం పట్టికలో లేదు.

1999 లో బింగ్‌హామ్టన్ అధ్యాపక పదవి నుంచి విరమించిన తరువాత ఆయన యేల్ విశ్వవిద్యాలయంలో పరిశోధకుడుగా కొనసాగాడు. 1998 అక్టోబరు నుంచి నెలకు రెండేసి చొప్పున ప్రపంచ పరిణామాలపై వ్యాఖ్యలు వ్రాయడం మొదలుపెట్టాడు. నేటి వార్తను గూర్చి కాక, నేటి వార్త వెనుక సాగే దీర్ఘకాలిక గమనాన్ని గూర్చి వ్రాయాలని నియమం. 2019 జూలై 1న ఐదు వందల వ్యాఖ్య వ్రాసి, ఇదే చివరిదని చెప్పి ముగించాడు. ఆగస్టు 31న కన్నుమూశాడు. ఇరువదేండ్లకు పైగా పక్షం తప్పకుండ వ్రాయడం ఎట్టి శ్రమయో పాఠాలు చెప్పేవారికి వేరుగా వివరించనక్కరలేదు. ఆయన జోస్యాలలో కొన్ని వివాదాస్పదాలు. 1991 లో సోవియట్ యూనియన్ కూలినప్పుడు అమెరికా గెలిచిందని లోకమంటే, ఆయన మాత్రం అమెరికా బలం అంతకు ఇరువదేండ్ల ముందునుంచే క్షీణిస్తున్నదనీ, ఈ పతనం దానిని మరింత బలహీనపరుస్తుందనీ వాదించాడు. పెట్టుబడిదారీ వ్యవస్థ తన చివరి సంక్షోభంలో ఉన్నదన్నాడు. కాని దాని స్థానంలో మంచిదే వస్తుందని ఏనాడూ హామీ ఇవ్వలేదు. మంచికీ చెడుకూ అవకాశం సమానమేననీ, మనుష్యులు చేసే పనిని బట్టి తక్కెడ మొగ్గుతుందనీ మాత్రమే చెప్పాడు. జోస్యం చెప్పేవారిలో ఇట్టి నిగ్రహం అరుదు.

ఈ సిద్ధాంతం దూరపు సంగతి కాదు. 2025 లో అమెరికా ప్రభుత్వం మన సరకులపై సుంకాలు పెంచినప్పుడు, దాని దెబ్బ మొదట తగిలిన చోట్లలో ఆంధ్ర తీరపు రొయ్యల చెరువులు ఉన్నాయి. భీమవరం ప్రాంతపు రైతు మేతలో లోపం చేయలేదు, నీటిని ఏమరలేదు. అయినా ధర పడిపోయింది. ఘానాలో కోకో పండించిన రైతుకు 1965 లో తెలిసివచ్చిన సంగతే ఇది. చెరువు గట్టున పెరిగిన విద్యార్థికి ఈ పాఠం ఒక్క మాటలో అర్థమవుతుంది. చెప్పేవారు కావాలి, అంతే.

కనుక ఉపాధ్యాయులకు మా మనవి ఇది. ఈ సంవత్సరం ఒక్క తరగతిలో, ఒక్క వస్తువును పట్టుకొని చూడండి. గుడ్డ కావచ్చు, పొగాకు కావచ్చు, మిరప కావచ్చు, రొయ్య కావచ్చు. అది ఎక్కడ పుట్టినది, ఎవరు శ్రమించారు, ఏ ధర ఎవరు నిర్ణయించారు, లాభం ఏ ఊరిలో ఆగినది, ఆ ఊరిలో ఎవరి ఇంట ఆగినది అని పిల్లల చేతనే వెదకించండి. వారు నాలుగు పీరియడుల గోడలూ దాటవలసి వస్తుంది, దాటనివ్వండి. మనవాళ్ళు ఎందుకు ఆలస్యంగా లేచారని అడిగిన పిల్లవానికి మాధవాయపాలెం మగ్గాన్ని గూర్చి చెప్పండి. తెల్లవారకముందే లేచి మగ్గం ముందు కూర్చున్న మనిషిని గూర్చీ, ఆ మనిషికి బయానా ఇచ్చి గొంతు పట్టుకొన్న కంపెనీని గూర్చీ, వారిద్దరి నడుమ నిలిచి తన వాటా తీసుకొన్న మన దళారిని గూర్చీ చెప్పండి. అప్పుడతడు ఇంకొక ప్రశ్న వేస్తాడు. అది మొదటిదానికంటె కష్టమైన ప్రశ్న అయి ఉంటుంది. దానికి సమాధానం పుస్తకంలో లేకపోతే, అతనితో కలసి వెదకండి.